పరగడుపు

తినొచ్చి, తినలేదని చెప్పే మనిషిని నేను ఒక్క చూపులో పట్టేస్తాను. ముఖం చూసి కాదు, పొట్ట లోపల చూసి. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద ఉన్న క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మిషన్ నడపడం నా పని. నా పేరు సీత. మా వాళ్ళది తెనాలి వైపు. నాన్నగారి ఉద్యోగం పుణ్యమా అని చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి పడ్డాను. నాకు నోరు ఎక్కువని ఆసుపత్రిలో అందరూ అంటారు. అననీ. ఈ పనిలో మెతకగా ఉంటే కాల్చాల్సింది వదిలేసి కాల్చకూడనిది కాలుస్తాం.

అసలు చిక్కు ఎక్కడంటే, మనిషి బల్ల మీద బిగుసుకుని పడుకున్నా లోపల ఏదీ కదలకుండా ఉండదు. ఊపిరి పీలిస్తే అన్నీ కిందికి దిగుతాయి, వదిలితే పైకి లేస్తాయి. అన్నవాహిక కింది చివర గడ్డ ఉన్నవాళ్ళకైతే పొట్టతో మరీ తంటా. పొట్ట నిండితే గడ్డ పక్కకు జరుగుతుంది, గుండె పైకి లేచి బీమ్, అంటే గడ్డను కాల్చే కిరణం, వెళ్ళే దారిలోకి వస్తుంది. అందుకే మొదట పరగడుపున స్కాన్ తీసి, ఆ బొమ్మ మీద గడ్డ చుట్టూ గీతలు గీసుకుంటాం. ఆ తర్వాత రోజూ బల్ల మీద పడుకోబెట్టి మళ్ళీ స్కాన్ తీసి, కొత్త బొమ్మను పాత బొమ్మ మీద పెట్టి చూస్తాం. రెండూ కలిస్తే బీమ్ ఇస్తాం. కలవకపోతే లేపి ఇంటికి పంపేస్తాం.

బాలమల్లు ఆలూరు రైతు. టమాట, బీర, క్యారెట్ పండించి చేవెళ్ల మార్కెట్‌కు వేసేవాడు. ఏడాదిగా మింగడం కష్టమవుతున్నా పట్టించుకోక, మంచినీళ్ళు కూడా దిగని స్థితిలో మా దగ్గరికి వచ్చాడు. డాక్టరు గారు కడుపు పక్కన చిన్న కోత పెట్టించి గొట్టం వేయించారు. ఆ గొట్టం పొట్టను దాటి కింద పేగులోకి వెళుతుంది. అందులోంచి పల్చటి జావ పోస్తేనే ఆయనకు ప్రాణం. నోట్లోంచి పోయేది ఏమీ లేదు. భార్య జంగమ్మ, కొడుకు జగదీశ్ మొయినాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, రోజూ పొద్దున్నే ఆటోలో తీసుకొచ్చేవాళ్ళు.

మొదటి వారం బంగారంలా నడిచింది. ఆయన పడుకోవడం, బొమ్మలు కలవడం, బీమ్ ఇవ్వడం, లేవడం. మాటకారి కూడా. పొలం సంగతులు చెప్పేవాడు. ఈ మనిషి గట్టెక్కుతాడు అనుకున్నాను.

రెండో వారం సోమవారం తెర మీద చూద్దును కదా, పొట్ట నిండుగా ఉంది. గాలైతే నల్లగా కనిపిస్తుంది. ఇది నలుపు కాదు. ముద్దలు ముద్దలుగా, బూడిద రంగులో, ఆబగా భోంచేసి వచ్చిన మనిషి పొట్ట. గడ్డ గీత దాటి పక్కకు జరిగిపోయింది. గుండె వచ్చి బీమ్ దారిలో కూర్చుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొచ్చి, వరండాలో అంత మంది ముందే జంగమ్మను కడిగేశాను. ఏ ఊళ్ళో ఎవడిచ్చిన పసరు పట్టిస్తున్నావమ్మా, చికిత్స మేం చేయాలా ఆ పసరు వాడు చేయాలా అని. ఆమె జగదీశ్ తల మీద చెయ్యి పెట్టి, "నా కొడుకు మీద ఒట్టు మేడం. నోట్ల చెంచెడు నీళ్ళు గూడ పొయ్యలే" అంది.

డాక్టరు గారు ముక్కులోంచి సన్నటి గొట్టం ఒకటి నానా కష్టాలు పడి లోపలికి దించి, పొట్టలో ఉన్నది బయటికి లాగించారు. చారెడు ఉమ్మి వచ్చింది, అంతే. తిండి ఆనవాలు లేదు. గాలి అయ్యుంటుందిలే సీతా, రేపు చూద్దాం అన్నారు. గాలికీ తిండికీ తేడా తెలియక నేను ఇన్నేళ్ళుగా ఈ తెర ముందు కూర్చున్నానా అని ఒళ్ళు మండింది. కానీ గొట్టంలో వచ్చింది ఉమ్మే. ఆయన ఎదురుగా చూపిస్తుంటే ఏం మాట్లాడను?

మర్నాడూ నిండు పొట్టే. మళ్ళీ వెనక్కి పంపాం.

బుధవారం పంతం పట్టి, ఆయన బల్ల మీద నడుం వాల్చగానే స్కాన్ తీశాను. పొట్ట ఖాళీ. హమ్మయ్య అనుకుని బొమ్మలు కలుపుతూ, ఎందుకైనా మంచిదని లోపలి కదలిక తెర మీద ఆడేలా పెట్టాను. చూస్తుండగానే పొట్ట అంచు ఒకసారి కదిలింది. కాస్త ఆగి మళ్ళీ కదిలింది. పైనుంచి ఏదో పడుతున్నట్టు, పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం ఉబ్బుతోంది. పక్కన ఇంకో తెర ఉంటుంది, గదిలో ఉన్న కెమెరాది. అందులో బాలమల్లు కళ్ళు మూసుకుని ఉన్నాడు. దవడ ఆడుతోంది. నిదానంగా, రుచి చూసుకుంటూ నములుతున్నాడు. గొంతు ముడి పైకి లేచి కిందికి దిగింది. మంచినీళ్ళు దిగని గొంతు అది.

మందపాటి తలుపు తెరుచుకునేదాకా ఆగలేకపోయాను. లోపలికి పరిగెత్తి నోరు తెరవమన్నాను. తెరిచాడు. ఏమీ లేదు. ఎండిన నాలుక, అక్కడక్కడ పుండ్లు. కానీ ఆయన ఊపిరి నా ముఖానికి తగిలింది. వేడి వేడి జొన్నరొట్టె వాసన. ఎల్లిగడ్డ కారం. దాని వెనకే పుల్లగా కల్లు. కిటికీ కూడా లేని ఆ గదిలో, స్పిరిట్ వాసన తప్ప ఇంకోటి ఎరగని ఆ గదిలో, ఒక అడుగు వెనక్కి వేశాను. భయమేస్తే నాకు అరుపొస్తుంది. పొద్దున్నే కల్లు తాగి వస్తావా అని అరిచాను. ఆయన చేత్తో మూతి తుడుచుకున్నాడు, భోజనం ముగించిన వాళ్ళు తుడుచుకున్నట్టే.

గురువారం బరువు చూశాం. తగ్గాడు. రోజూ పొట్ట నిండుతోంది, మనిషి మాత్రం ఎండిపోతున్నాడు. ఆ తిండి ఒంటికి పట్టడం లేదు. డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఇలా బీమ్ ఇవ్వని రోజులు వస్తే గడ్డ మళ్ళీ పుంజుకుంటుందన్నారు. నిండు పొట్ట మీదే కొత్త ప్లాన్ వేసి చూశారట. గుండెకు చేటు, ఆ దారి లేదు. వచ్చే వారం కూడా ఇంతే అయితే ఆపేసి, ఇంటికి తీసుకుపొమ్మని చెబుదాం అన్నారు. ఇంటికి తీసుకుపొమ్మంటే ఏమిటో మాకందరికీ తెలుసు.

శుక్రవారం స్కాన్ తీయకముందే బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నిజం చెప్పకపోతే ఈరోజు ఇక్కడినుంచి కదలనన్నాను.

"అవ్వ పెడుతున్నది మేడం" అన్నాడు బాలమల్లు.

ఏ అవ్వ అంటే వాళ్ళమ్మే. పేరు సాలమ్మ. ఆలూరులో ఉంటుంది. పొద్దున పూట ఆమె తనను పేరు పెట్టి పిలవడం చెవిలో వినిపిస్తుందట. ఆ వెంటనే నోట్లో ముద్ద ఉంటుందట. రొట్టె, పచ్చిపులుసు, ఒక రోజు కోడికూర కూడా. అతను చెబుతుంటే నేను అడగాల్సింది మానేసి, రుచి తెలుస్తుందా అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"తెలుస్తది. ఉప్పు, కారం, అన్ని తెలుస్తయి. ఏడాదాయె నేను మంచిగ తిని. మీరు మావోళ్ళకు చెప్పకుండ్రి మేడం."

తింటే చచ్చిపోతావయ్యా అన్నాను. ఆయన తల తిప్పుకున్నాడు.

చెప్పకుండా ఎలా ఉంటాను? నేరుగా వరండాలోకి వెళ్ళి, అవ్వ పెడుతోందన్న మాట తల్లీకొడుకులిద్దరికీ చెప్పాను. జగదీశ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుక మొలుస్తోంది. ఆ గుండు సోమవారం నుంచీ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు. ఎప్పుడు చేయించుకున్నావు అని అడిగాను. పోయిన ఆదివారం వేములవాడ పోయాడట. బాపు మంచిగ కావాలని రాజన్నకు మొక్కుకుని గుండు కొట్టించుకున్నాడట. తిరిగొస్తూ బట్టల కోసం ఆలూరులో ఇంటికి వెళ్ళాడు. సాలమ్మకు చూపు సరిగా ఆనదు. దగ్గరికి పిలిచి తల నిమిరింది. ఆమె చెయ్యి గుండు మీద కాసేపు అట్లాగే ఆగిపోయిందట. ఒక్క మాట అడగలేదు. లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మరి ఆమెకు మీ నాన్న సంగతి ఏమని చెప్పారు అని అడిగాను. జబ్బు సంగతే చెప్పలేదన్నాడు. చందనవెల్లిలో కంపెనీలో వాచ్‌మెన్ పని దొరికింది, అక్కడే ఉంటున్నాడు అని చెప్పారట. ముసలిది బెంగ పెట్టుకుంటుందని. ఆమె మొగుడు పోయినప్పుడు కూడా అంతే చేశారట. దవాఖానలో మంచిగనే ఉన్నడు అని చెబుతూ చెబుతూ, చివరికి శవాన్నే తెచ్చి వాకిట్లో దించారట.

"తండ్రి పోతేనే కద మేడం కొడుకు..." అని జగదీశ్ సగంలో ఆగిపోయాడు. చెయ్యి తన గుండు మీదికి వెళ్ళింది.

పక్కనే వింటున్న జంగమ్మ దగ్గరికి వచ్చింది. వాళ్ళింట్లో పద్ధతి ఏమిటో ఆమె చెప్పింది. మనిషి పోతే, ఆ మనిషి పడుకునే చోట దీపం పెడతారు. ఆయన కంచంలోనే ఆయనకు ఇష్టమైనవి వడ్డించి, పేరు పెట్టి పిలుస్తారు. కర్మ అయ్యేదాకా రోజూ పెట్టాలి. బాలమల్లుకు ఎవరూ కర్మ చేయలేదు కాబట్టి సాలమ్మ ఆపలేదు. నేను వాళ్ళిద్దరినీ గట్టిగా తిట్టాను. అబద్ధం చెప్పి కూర్చున్నారు, నిజం చెబితే ఏం పోయేది, అబద్ధంతో మనిషి బతుకుతాడా అన్నాను. ఇద్దరూ తల వంచుకుని విన్నారు.

ఆదివారం పొద్దున నా కారులోనే ఆలూరు వెళ్ళాం, జంగమ్మ, జగదీశ్, నేను. బాలమల్లు మొయినాబాద్ గదిలో ఉండిపోయాడు. నీరసంగా ఉంది, రానన్నాడు. ఆలూరులో వాళ్ళ ఇంటి వాకిట్లో గోడ వారగా నిన్నటి అన్నం, రొట్టె ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. ఒక కుక్క వాటికి దూరంగా పడుకుని మమ్మల్ని చూసింది కానీ వాటి వైపు చూడలేదు. లోపలి గదిలో పట్టపగలు దీపం వెలుగుతోంది. దాని ముందు స్టీలు కంచం, పొగలు కక్కుతున్న రొట్టె, గ్లాసులో కల్లు. సాలమ్మ గొంతుక్కూర్చుని రొట్టె తుంచి కారం అద్దుతోంది. "తిను మల్లూ, తిను కొడుకా" అంటోంది. ఏడవడం లేదు. బడికి పోయే పిల్లవాడికి పెడుతున్నట్టు తొందరగా, ప్రేమగా పెడుతోంది. ఆ గదిలో అడుగు పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

జంగమ్మ వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకుంది. సాలమ్మ కోడలి చేతులు తడిమింది. మట్టిగాజులు తగలగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంక గాజులు తియ్యలేదా?"

ఆయన బతికే ఉన్నాడని జంగమ్మ ఏడ్చింది. జబ్బు సంగతి, దవాఖాన సంగతి, గుండు సంగతి అంతా చెప్పింది. సాలమ్మ ఓపిగ్గా విన్నది. విని, "మీ మామ పోయినప్పుడు గూడ గిట్లనే చెప్పిండ్రు" అంది.

అప్పుడు జగదీశ్ ఫోను తీసి తండ్రికి వీడియో కాల్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి అటునుంచి కట్ చేశారు. ఇంకోసారి చేస్తే స్విచాఫ్. బాపు ఎందుకు ఎత్తుతలేడు అని జగదీశ్ నన్ను అడిగాడు. నాకు తెలుసు. సాలమ్మ ఇంకో ముక్క తుంచి కారం అద్దింది. కంచంలో ఏమీ తగ్గలేదు. అక్కడ తగ్గనిది మొయినాబాద్‌లో ఎవరి పొట్టలో పడుతోందో తెర లేకుండానే నాకు కనిపించింది.

ఇక లాభం లేదని లోపలికి వెళ్ళి సాలమ్మ రెక్క పట్టుకుని లేపాను. పెద్దమ్మా, నువ్వే వచ్చి నీ చేత్తో తడిమి చూసుకో అన్నాను. దీపాన్ని వదిలి రానంది. బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి జగదీశ్ ఎత్తుకొచ్చి కార్లో కూర్చోబెట్టాడు. చేవెళ్ల దాటి మొయినాబాద్ దారి పట్టాం. ఈమె నమ్మకపోతే ఈ వారంతో డాక్టరు గారు ఆపేస్తారు, ఆపేస్తే ఆ మనిషి కొన్ని వారాల్లో పోతాడు. దారి పొడవునా అదే తిరిగింది నా బుర్రలో.

బాలమల్లు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన ఫోను బోర్లించి ఉంది. తల్లిని చూడగానే ముఖం పాలిపోయింది. జంగమ్మ సాలమ్మను తీసుకెళ్ళి మంచం పక్కన కూర్చోబెట్టింది. ముసలామె చేతులు కొడుకు ముఖం మీద, మెడ మీద, ఎముకలు తేలిన ఛాతీ మీద తిరిగాయి. కడుపు పక్కన గొట్టం దగ్గర ఆగాయి.

"బతికే ఉన్నవా కొడుకా?"

ఆయన మాట్లాడలేదు. ఉన్నానంటే రేపటి నుంచి ముద్ద ఉండదు. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చెప్పు, బతికే ఉన్న అని చెప్పు అని జంగమ్మ భుజం పట్టి కుదిపింది. జగదీశ్ బాపూ బాపూ అంటున్నాడు. ఆయన పెదవులు బిగించి గోడ వైపు తిరిగాడు. సాలమ్మ మాత్రం కంగారుపడలేదు. చెయ్యి అతని కడుపు మీదే ఉంచి కాసేపు కూర్చుంది.

"ఆకలైతున్నదా?" అని అడిగింది.

గోడ వైపు తిరిగిన భుజాలు అదిరాయి.

"అయితున్నదవ్వా. మస్తు అయితున్నది. ఎంత తిన్నా తీర్తలేదు."

"పెట్టినంక గూడ ఆకలైతున్నదంటే నువ్వు బతికే ఉన్నవు బిడ్డా" అంది సాలమ్మ. "ఇగ పెట్ట."

అప్పుడు ఏడ్చిందామె, ఒక్కసారే, గుండెలు బాదుకుని. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోయి దీపం కొండెక్కించి, కంచం కడిగి బోర్లించమని మనవడికి చెప్పింది. బాలమల్లు గోడ వైపు నుంచి తిరగలేదు.

సోమవారం పొద్దున నలుగురూ వచ్చారు. సాలమ్మ వరండాలో కింద కూర్చుంది. జంగమ్మ నన్ను పక్కకు పిలిచి, నిన్నటి నుంచి అత్త పచ్చి మంచినీళ్ళు ముట్టడం లేదని చెప్పింది. వాడు నోటితో మింగిన రోజే నేను మింగుతా అని కూర్చుందట. ఈ వయసులో ఎన్నాళ్ళు ఉంటుంది మేడం అంది. ఆయన మింగడానికి ఎన్ని వారాలు పడుతుందో, అసలు మింగుతాడో లేదో నాకే తెలియదు. ముందు ఇది కానివ్వు అని లోపలికి వెళ్ళాను.

స్కాన్ తీశాను. పొట్ట ఖాళీ. చాలాసేపు కూర్చుని చూశాను, అంచు కదల్లేదు. గడ్డ గీత లోపల ఉంది, గుండె దాని చోట అది ఉంది. కానీ తెర మీద ఊపిరిని చూపించే గీత మాత్రం ఎగిరెగిరి పడుతోంది. కెమెరాలో చూస్తే బాలమల్లు కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. మైకులో నెమ్మదిగా ఊపిరి తీసుకోమన్నాను.

"మేడం," అన్నాడు లోపలి నుంచి, "మా అవ్వ తిన్నదా?"

"తిన్నది. కడుపునిండా తిన్నది" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి గీత మెల్లగా కుదుటపడింది. నేను బటన్ నొక్కాను.